బ్రేసెస్ బిగించాక దవడ ఎందుకు పట్టేస్తుంది?

మా సెక్షన్‌లో నాతో కలిపి ఐదుగురం ఉన్నాం, పళ్ళకి బ్రేసెస్ ఉన్నవాళ్ళం. నెలకోసారి మాలో ఎవరో ఒకరు మెస్‌లో ప్లేటు ముందు కూర్చుని, అన్నాన్ని పప్పులో పిసికి పిసికి, నమలకుండా మింగుతూ కనిపిస్తారు. ఏమైందని అడిగితే ఒకటే జవాబు: "నిన్న టైట్ చేశార్రా." అక్కడితో అందరికీ అర్థమైపోతుంది. కానీ ఆ తర్వాత ఏం చేయాలన్నదానికి మాత్రం తలా ఒక సలహా. ఒకరు ఐస్ పెట్టమంటారు, ఒకరు వేడినీళ్ళ కాపడం అంటారు, ఇంకొకరు లవంగ నూనె అంటారు. ఎక్కువమంది బ్యాగులోంచి ఏదో ఒక టాబ్లెట్ స్ట్రిప్ తీసి చేతిలో పెడతారు. ఈ సలహాలన్నీ పూర్తిగా తప్పు కావు. అందరూ "పెయిన్" అనే ఒక్క మాటతో నాలుగు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతున్నారు, అదే చిక్కు.

ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు కూడా డాక్టర్ దగ్గర నోట్లోంచి వచ్చేది ఆ ఒక్క మాటే. అదే అమ్మమ్మకి ఫోన్‌లో చెప్తే ఊరుకోలేదు. "నొప్పంటే ఎలాంటి నొప్పమ్మా? నొక్కితే నొప్పా, పట్టేసిందా, మంటా, లేకపోతే సలుపుతోందా?" అని ఒక్కొక్కటీ అడిగింది. ఆర్థోడాంటిక్స్ గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసిందేంటంటే, అమ్మమ్మ అడిగిన ఆ నాలుగు మాటలకీ నాలుగు వేర్వేరు కారణాలున్నాయి. మందు కూడా వేర్వేరే. అందుకే ఈ ఆర్టికల్ ఆ వరుసలోనే రాస్తున్నాను.

నొక్కితే నొప్పి

ముందు "టైట్ చేయడం" గురించి. నిజానికి అక్కడ తిప్పి బిగించే స్క్రూ ఏమీ ఉండదు. డాక్టర్ పాత వైర్ తీసి కొంచెం మందమైనది వేస్తారు, లేదా బ్రాకెట్ల చుట్టూ ఉండే చిన్న చిన్న రంగు రబ్బర్లు మారుస్తారు, లేదా పళ్ళ మధ్య సందు మూయడానికి గొలుసులా ఉండే రబ్బర్ వేస్తారు. ఏది చేసినా పని ఒకటే: పంటి మీద చిన్న ఒత్తిడి, రోజంతా, ఆగకుండా.

పన్ను ఎముకలో గోడకి మేకు కొట్టినట్టు దిగబడి ఉండదు. పంటి వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. అంటే రెండు ఏ4 కాగితాల మందం. అందులో నారల్లాంటి పెరియోడాంటల్ లిగమెంట్ ఉంటుంది. నులకమంచం మీద మనిషి పడుకున్నట్టు పన్ను ఈ నారల మీద ఆనుకుని ఉంటుంది. వైర్ పన్నుని ఒక పక్కకి నెట్టినప్పుడు ఆ పక్క నారలు నలుగుతాయి, అవతలి పక్క నారలు సాగుతాయి. నలిగిన చోట రక్తం సరిగ్గా ఆడదు. అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లు లాంటి కెమికల్స్ వదులుతాయి. అవి చేరాక ఒక పక్క ఆస్టియోక్లాస్ట్ కణాలు ఎముకని కొద్దికొద్దిగా తినేస్తాయి, ఇంకో పక్క ఆస్టియోబ్లాస్ట్ కణాలు కొత్త ఎముక కడతాయి. పన్ను జరిగేది అలా. కార్ల్ సాండ్‌స్టెడ్ అనే ఆయన 1904లోనే కుక్కల పళ్ళకి వైర్ కట్టి, ఆ తర్వాత ఆ ఎముకని మైక్రోస్కోప్ కింద చూసి ఈ మార్పులు రాశారు.

మనకి కావలసిన పాయింట్ ఇక్కడుంది. ఆ ప్రోస్టాగ్లాండిన్లే అక్కడి నరాల కొసల్ని కూడా మామూలు కన్నా చురుగ్గా చేస్తాయి. అప్పటిదాకా పట్టించుకోని చిన్న నొక్కు కూడా నొప్పిగా తెలుస్తుంది. ఇడ్లీ కొరికినా జివ్వుమంటుంది. అందుకే కుర్చీలోంచి లేచేటప్పుడు "ఏం లేదే, బానే ఉందే" అనిపించి, రెండు మూడు గంటలయ్యాక మొదలవుతుంది. దాదాపు 24 గంటల దగ్గర బాగా పెరుగుతుంది. మూడో రోజుకి తగ్గడం తెలుస్తుంది, వారంలోపు చాలామందికి పోతుంది.

మరి నొప్పి ఎక్కువుంటే పన్ను ఎక్కువ జరుగుతున్నట్టా? కాదు. మా ఫ్రెండ్ ఒకడు కోర్సు తొందరగా అయిపోవాలని "ఇంకొంచెం గట్టిగా టైట్ చేయండి సార్" అని అడిగేవాడు. ఒత్తిడి మరీ ఎక్కువైతే నలిగిన చోట రక్తం పూర్తిగా ఆగిపోయి అక్కడి కణాలు చనిపోతాయి. శరీరం ఆ భాగాన్ని శుభ్రం చేసుకునేదాకా పన్ను కదలకుండా అలాగే ఉంటుంది. ఎంత చేసినా నెలకి సుమారు ఒక మిల్లీమీటరే. దాన్ని ఓవర్‌క్లాక్ చేయడం కుదరదు.

ఈ టైమ్‌లైన్ తెలిస్తే అపాయింట్‌మెంట్ ఎప్పుడు పెట్టుకోవాలో మనమే లెక్క వేసుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం టైట్ చేయిస్తే అసలు నొప్పి శనివారం రాత్రికి వస్తుంది, సోమవారం ఇంటర్నల్స్ నాటికి దిగిపోతూ ఉంటుంది. ఆదివారం చేయిస్తే సోమవారం మీ పని అయిపోయినట్టే. శుక్రవారంతో ఉన్న ఒకే ఒక్క నష్టం, ఆదివారం మెస్‌లో చికెన్ మిస్సవుతాం. నొప్పికి భయపడి అపాయింట్‌మెంట్ మానేయడం మాత్రం వద్దు. మధ్యలో బ్రాకెట్ ఊడినా, వైర్ జారినా చూసేవాళ్ళుండరు. పన్ను తనకిష్టమొచ్చిన వైపు పోతుంది, దాన్ని వెనక్కి తేవడానికి మళ్ళీ కొన్ని నెలలు, మళ్ళీ అదే నొప్పి.

ఈ నొప్పికి చల్లదనం పనిచేస్తుంది. మొదటి రోజు చల్లటి నీళ్ళు, మజ్జిగ, ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు. బుగ్గ మీద పెట్టేటట్టయితే ఐస్‌ని గుడ్డలో చుట్టి పది నిమిషాలు, అంతే. ఇక్కడ మెకానికల్, మెటలర్జీ వాళ్ళకి నచ్చే విషయం ఒకటుంది. మొదటి నెలల్లో వేసే వైర్లు సాధారణంగా నికెల్, టైటానియం కలిసిన లోహం. 1960 ప్రాంతంలో అమెరికా నేవీ ల్యాబ్‌లో విలియం బ్యూలర్ దీనిమీద పనిచేశారు. నికెల్, టైటానియంలకి ఆ ల్యాబ్ పేరులోని మొదటి అక్షరాలు కలిపి నిటినాల్ అన్నారు. 1970ల మొదట్లో జార్జ్ ఆండ్రియాసెన్ దీన్ని పళ్ళ వైద్యంలోకి తెచ్చారు. వంచినా తన పాత ఆకారం గుర్తుపెట్టుకుని అటే వెళ్తుంది. వీటిలో వేడికి పనిచేసే రకం వైర్లు నోటి వేడికి బిగుస్తాయి, చల్లబడితే మెత్తబడతాయి. కాబట్టి ఆ రకం వైర్ ఉన్నవాళ్ళు చల్లటి నీళ్ళు పుక్కిలిస్తే నరాలు మొద్దుబారడమే కాదు, కాసేపు వైర్ లాగుడు కూడా తగ్గుతుంది. నోరు మళ్ళీ వేడెక్కగానే వైర్ తన డ్యూటీ ఎక్కేస్తుంది.

ఇక టాబ్లెట్లు. మాత్ర అసలు వద్దని నేననను, మొదటి రాత్రి నిద్ర పట్టకపోతే ఒకటి వేసుకోవడంలో తప్పులేదు. కానీ ఏది, ఎందుకు అన్నది తెలియాలి. పారాసిటమాల్, ఐబూప్రోఫెన్ రెండూ ఈ నొప్పిని తగ్గిస్తాయి. ఐబూప్రోఫెన్ నేరుగా ప్రోస్టాగ్లాండిన్లు తయారవడాన్నే ఆపుతుంది. పన్ను జరగడానికి కావలసినవీ అవే కాబట్టి, రోజుల తరబడి వాడితే పన్ను నెమ్మదిస్తుందేమోనని చాలామంది డాక్టర్లు ముందు పారాసిటమాలే చెప్తారు. ఒకటి రెండు మాత్రలతో అంత ప్రమాదం ఏమీ ఉండదు. పైగా ఐబూప్రోఫెన్ ఖాళీ కడుపుకి మంచిది కాదు. నమలలేక అన్నం మానేసి, ఆ ఖాళీ కడుపు మీదే అది వేసుకోవడం మన హాస్టళ్ళలో రోజూ జరిగే పని. గ్యాస్ట్రిక్ అల్సర్, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా దాని జోలికి పోవద్దు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఒకటి, కాంబిఫ్లామ్‌లో 400 మిల్లీగ్రాముల ఐబూప్రోఫెన్‌తో పాటు 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కూడా ఉంటుంది. డోలో 650 అంటే 650 మిల్లీగ్రాముల పారాసిటమాలే. జలుబు మాత్రల్లో చాలావాటిలో అదే ఉంటుంది. పేర్లు వేరని మూడూ వేసుకుంటే ఒకే మందు మూడుసార్లు వేసుకున్నట్టు. పెద్దవాళ్ళకి 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, సన్నగా ఉన్నవాళ్ళకి, లివర్ సమస్య ఉన్నవాళ్ళకి ఇంకా తక్కువ. డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు ఉండాలి. రెండోది వానాకాలం సంగతి. బ్రేసెస్ నొప్పి ఉన్న వారంలోనే జ్వరం కూడా వస్తే ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు. అది డెంగీ అయితే ఇవి రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. బ్రేసెస్ వల్ల జ్వరం రాదు. వస్తే అది వేరే జబ్బు, బ్లడ్ టెస్ట్ చేయించుకోవాల్సిందే.

పట్టేసిన దవడ

దీని గురించే మనవాళ్ళు తక్కువ మాట్లాడతారు. మొదటి రెండు రోజులు పళ్ళ గొడవలో ఇది తెలియదు. పళ్ళ నొప్పి కాస్త దిగాక, పొద్దున్నే లేచి బ్రష్ పెట్టుకుందామని నోరు తెరిస్తే చెవి ముందు, బుగ్గ పక్కన బిగుసుకుపోయినట్టుంటుంది. కొందరికి కణతల దగ్గర తలనొప్పిలా కూడా ఉంటుంది. మెడ పట్టేసినట్టే దవడ కూడా పట్టేస్తుంది. అది పంటి నొప్పి కాదు, కండరం నొప్పి.

ఎక్కడో తెలుసుకోవాలంటే రెండు చేతుల వేళ్ళు బుగ్గల వెనక, చెవి తమ్మెకి కొంచెం ముందు పెట్టి, ఒక్కసారి మెల్లగా పళ్ళు బిగించండి. వేళ్ళ కింద గట్టిగా ఉబ్బేది మాసెటర్ కండరం. అది బుగ్గ ఎముక నుంచి దవడ మూల దాకా ఉంటుంది. కణతల మీద వేళ్ళు పెట్టి అలాగే చేస్తే అక్కడ కదిలేది టెంపొరాలిస్. నమిలే పనిలో ఎక్కువ భాగం ఈ రెండిటిదే.

ఇవి ఎందుకు పట్టేస్తాయి? డాక్టర్ దగ్గర అరగంట నోరు తెరిచే ఉంచాం, అది ఒకటి. అసలు కారణం తర్వాత మొదలవుతుంది. పళ్ళు కొంచెం జరిగేసరికి పైవీ కిందవీ పాత చోట కలవవు. ఏదో ఒక పన్ను ముందుగా తగులుతుంది. ఎక్కడ పెడితే హాయిగా ఉంటుందో అని దవడ రోజంతా వెతుకుతూ ఉంటుంది. నొప్పి లేని పక్కనే నములుతాం కాబట్టి ఆ పక్క కండరానికి డబుల్ డ్యూటీ. పై పంటి నుంచి కింది పంటికి రబ్బర్ బ్యాండ్లు ఇచ్చి ఉంటే వాటి లాగుడు వేరే. వీటన్నిటి మీద మన అలవాటు ఒకటుంది: ల్యాబ్‌లో కోడ్ రన్ అవ్వకపోయినా, వైవాకి పిలిచే ముందైనా మనకి తెలియకుండానే పళ్ళు బిగిస్తాం.

మామూలుగా మనం ఏమీ తినకుండా, మాట్లాడకుండా ఉన్నప్పుడు పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. పెదవులు మూసి, పళ్ళు విడిగా. ఇంగ్లిష్‌లో దీన్ని నేర్పడానికి ఏవో సూత్రాలున్నాయి కానీ మనకి అంత అవసరం లేదు. "అమ్మ" అనబోయి "మ్" దగ్గర ఆగండి. పెదవులు కలిసి ఉంటాయి, పళ్ళు తగలవు, నాలుక వదులుగా ఉంటుంది. ఓష్ఠ్యాలు అని చిన్నప్పుడు వర్ణమాలలో చదివినవి ఇలా పనికొస్తాయని అనుకోలేదు. నొప్పొస్తే మనం ఎలాగూ అనేది ఆ మాటే కదా! నేను ల్యాప్‌టాప్ మీద చిన్న స్టిక్కర్ అంటించి "మ్" అని రాసుకున్నాను. కనిపించినప్పుడల్లా దవడ వదులు చేస్తాను. నాకైతే టాబ్లెట్ కన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

కండరానికి చల్లదనం కన్నా వెచ్చదనం మంచిది. వేడినీళ్ళలో టవల్ ముంచి పిండి, బుగ్గల మీద ఓ పది పదిహేను నిమిషాలు. చర్మం కాలేంత వేడి వద్దు. తర్వాత రెండు వేళ్ళతో మాసెటర్ మీద చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు మెల్లగా రుద్దాలి, ఒక నిమిషం చాలు. ఆ తర్వాత నాలుక కొస పై పళ్ళ వెనక అంగిలికి ఆనించి, నాలుక అక్కడి నుంచి జారకుండా ఎంత తెరుచుకుంటే అంతే నోరు తెరిచి మూయాలి. ఐదారు సార్లు, రోజుకి రెండు మూడు పూటలు. నొప్పి పుట్టేదాకా సాగదీస్తే వ్యాయామం కాదు, కొత్త దెబ్బ. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనిస్తే దవడ మరీ ఎక్కువ తెరుచుకోకుండా ఉంటుంది. క్లాసులో చెంపకి చెయ్యి ఆనించి నిద్రపోవడం, రాత్రి బోర్లా పడుకోవడం ఆ వారం మానేస్తే మంచిది.

రబ్బర్ బ్యాండ్లు మాత్రం నొప్పిగా ఉన్నాయని తీసేయొద్దు. డాక్టర్ రోజంతా వేసుకోమంటే రోజంతా వేసుకోవాలి. ఒకరోజు తీసి ఒకరోజు పెడితే ప్రతిసారీ మొదటి రోజు నొప్పే మళ్ళీ వస్తుంది. అలవాటు పడే అవకాశమే ఉండదు.

మంట

ఇది పంటిదీ కాదు, దవడదీ కాదు. బ్రాకెట్ అంచో, వైర్ కొసో బుగ్గ లోపల గీరుకుని పుండు పడుతుంది. దీనికి ఏ టాబ్లెట్టూ వద్దు. బ్రాకెట్‌ని దూదితో తుడిచి ఆరబెట్టి, శనగగింజంత ఆర్థోడాంటిక్ మైనం వేళ్ళతో మెత్తగా చేసి దానిమీద అద్దాలి. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి రోజుకి మూడు నాలుగుసార్లు పుక్కిలిస్తే పుండు త్వరగా మానుతుంది. సన్నటి వైర్ కొస గుచ్చుకుంటుంటే, పెన్సిల్ వెనక రబ్బర్‌ని కడిగి దాంతో మెల్లగా పంటి వైపు వంచవచ్చు. లవంగ నూనె ఇక్కడ అస్సలు వద్దు. చిక్కటి నూనె తగిలితే చిగుళ్ళు, బుగ్గ ఇంకా కాలతాయి.

తిండి విషయంలో హాస్టల్‌లో పెద్దగా ఎంపిక ఉండదు, కానీ మన వంటల్లో నమలాల్సిన పని లేనివి బోలెడు. ముద్దపప్పు నెయ్యి అన్నం, పెరుగన్నం, సాంబార్‌లో నానిన ఇడ్లీ, కట్టెపొంగలి, రాగి జావ. రాయలసీమ ఫ్రెండ్స్‌కి చెప్పనక్కర్లేదు, రాగి సంకటి ముద్దని అసలు నమలరు, పులుసులో అద్ది మింగుతారు. బ్రేసెస్ కోసమే కనిపెట్టినట్టుంటుంది. పుండు ఉన్నప్పుడు కారం, ఊరగాయ తగ్గించండి. జంతికలు, చెగోడీలు, సకినాలు, చెరుకు ముక్క, మొక్కజొన్న పొత్తు, బొమికలు నొప్పి ఉన్న వారమే కాదు, బ్రేసెస్ ఉన్నన్నాళ్ళూ వద్దు, బ్రాకెట్లు ఊడిపోతాయి. తెల్ల రబ్బర్లు వేయించుకున్నవాళ్ళు పసుపుకి రెడీగా ఉండండి. రెండు రోజుల పులిహోరకి అవి పచ్చగా మారతాయి, ఎంత తోమినా పోవు. నాకు తెలిసిన పరిష్కారం ఒక్కటే, వచ్చేసారి ముదురు రంగు అడగడం.

రెండో రోజు నుంచి మెత్తటిదే అయినా కాస్త నమలడం మొదలుపెట్టాలి. నమిలితే నలిగిన చోటికి రక్తం మళ్ళీ ఆడుతుంది. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలినా నొప్పి తగ్గుతుందని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. మీ డాక్టర్ సరే అంటేనే చేయండి. దవడ పట్టేసి ఉంటే మాత్రం గమ్ వద్దు, అలసిన కండరానికి ఇంకా పని పెట్టినట్టవుతుంది.

సలుపు

నాలుగో మాట. ఏమీ నమలకపోయినా, నొక్కకపోయినా, ఉన్నచోటే గుండె కొట్టుకుంటున్నట్టు లోపల కొట్టుకుంటూ, రాత్రి పడుకుంటే ఎక్కువయ్యేది సలుపు. బ్రేసెస్ నొప్పి అలా ఉండదు. ఇది లోపల చీము పట్టడానికి గుర్తు కావచ్చు. ఒకే పంటికి సలుపు, దాంతో చిగురు వాపు, బుగ్గ వాపు, జ్వరం ఉంటే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా వెళ్ళాలి. వాపుతో పాటు మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైతే నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి. మామూలు నొప్పి కూడా మూడు నాలుగు రోజులయ్యాక తగ్గకుండా పెరుగుతుంటే, నోట్లో రెండు వేళ్ళు నిలువుగా పట్టేంత కూడా తెరుచుకోకపోతే, దవడ కదిపినప్పుడు మధ్యలో ఇరుక్కుపోతుంటే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. నొప్పి లేకుండా ఉన్నప్పుడు మూడు వేళ్ళు పట్టాలి, ఈరోజే ఒకసారి చూసుకుని గుర్తుపెట్టుకోండి. పళ్ళు కొంచెం కదులుతున్నట్టు అనిపించడం మాత్రం మామూలే, దానికి కంగారొద్దు.

మన వయసువాళ్ళకి ఇంకో చిక్కుంది. జ్ఞానదంతాలు వచ్చేది సుమారు 17 నుంచి 25 మధ్యలోనే. సగం బయటికొచ్చిన జ్ఞానదంతం మీద చిగురు మూతలా ఉంటే దాని కింద అన్నం మెతుకులు చేరి వాస్తుంది. అప్పుడు కూడా దవడ బిగుసుకుపోతుంది, నోరు తెరుచుకోదు. బ్రేసెస్ ఉన్నవాళ్ళం దాన్ని కూడా "టైట్ చేశారు కదా, అందుకే" అని వదిలేసే ప్రమాదం ఉంది. తేడా ఎలా తెలుస్తుందంటే, అది ఒక్క పక్కే, చివరి పన్ను వెనకే ఉంటుంది. నోరు వాసన వస్తుంది, మింగుతుంటే గొంతు దగ్గర నొప్పి. టైట్ చేయించుకున్న రోజుతో దానికి సంబంధం ఉండదు. అలా ఉంటే డాక్టర్‌కి ఫోన్‌లో "పెయిన్ ఉంది" అని కాకుండా, ఏ పక్క, ఎన్నో రోజు, నొక్కితేనా ఊరికేనా, చల్లటిదానికి తగ్గుతోందా వేడికి తగ్గుతోందా అన్నవి చెప్పండి. వాళ్ళు మిమ్మల్ని ఈరోజే రమ్మనాలా, వచ్చే వారం రమ్మనాలా అన్నది ఆ నాలుగు జవాబులతోనే చాలావరకు తేలిపోతుంది.